వీసా కాదన్న ఉత్తరం వచ్చినప్పుడు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడూ యీ సభలో మేము చదువుల గూర్చి, స్కాలర్‌షిప్పుల గూర్చి మాట్లాడటం రివాజు. ఈసారి కార్యవర్గం వారు వేరే సంగతి చెప్పమన్నారు. కారణం మీకు తెలియనిది కాదు. ఒకప్పుడు మన పేటల్లోంచి కువైట్‌కో సౌదీకో పనికి పోయేవారు. ఇప్పుడు అదే ఇళ్ళ పిల్లలు చదువుకని మెల్బోర్న్ పోతున్నారు, టెక్సాస్ పోతున్నారు, లండన్ పోతున్నారు. ఇంటి దస్తావేజు బ్యాంకులో వుంటుంది, అమ్మీ గాజులు ఇంకొక బ్యాంకులో వుంటాయి. అప్పుడొక రోజు ఫోనులో ఒక ఉత్తరం వస్తుంది. వీసా ఇవ్వలేమనో, ఇచ్చిన వీసా రద్దు చేశామనో. ఇంట్లో పొయ్యి వెలగదు. మగ్రిబ్ వేళకు పేటంతా తెలిసిపోతుంది. కుర్రవాడేమో అక్కడ ఫోను ఎత్తడు.

మేము చెప్పదలచినది ముందే చెప్పేస్తాము. ఆ ఉత్తరం నేరం చేశావన్న తీర్పు కాదు. ఒక అధికారి తన ముందున్న కాగితాలు చూసి చేసిన నిర్ణయం. చాలా దేశాల్లో, అన్నిట్లో కాదు, ఆ అధికారి పైన ఇంకొకరు వున్నారు. ఆ పైవారి దగ్గరకు పోవటానికి ఒక గడువు వుంది. మన వాళ్ళు ఏడుస్తూ కూర్చునేది సరిగ్గా ఆ గడువులోనే.

మేము ఉర్దూ పాఠాలు చెప్పుకునేవాళ్ళం గనుక ఒక చిన్న మాట చెప్పనివ్వండి. కోర్టు భాషలో చాలా మాటలు మన తెలుగులోకి ఫార్సీ, అరబీల నుంచే వచ్చాయి. అర్జీ, దరఖాస్తు, వకీలు, వకాల్తా, జామీను, తాఖీదు, హాజరు, అన్నీ అవే. వీటిలో ముద్దాయి అన్న మాట విచిత్రమైనది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, హక్కు అడిగేవాడు. తెలుగులోకి వచ్చేసరికి ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు అయిపోయాడు. మన పిల్లలు ట్రిబ్యునల్‌కు పోయేటప్పుడు ఉర్దూ అర్థంలో ముద్దయీలుగా పోవాలి. తెలుగు అర్థంలో ముద్దాయిల్లాగా తలవంచుకుని పోతున్నారు, అదే మా బాధ.

ఇక అసలు సంగతి. బయటి దేశాల మాట తరువాత, ముందు మన దేశంలోనే యీ హక్కు ఎలా వచ్చిందో చూద్దాం. 1967కు ముందు పాస్‌పోర్టు అన్నది సర్కారు వారి దయ. ఇస్తే ఇచ్చారు, లేకుంటే లేదు. ఇవ్వకపోతే ఎందుకని అడగటానికి చట్టమే లేదు. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి తన పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చేయమన్నందుకు సుప్రీంకోర్టుకు పోయాడు. 1967 ఏప్రిల్ 10న తీర్పు వచ్చింది: విదేశాలకు పోవటం మనిషి వ్యక్తి స్వేచ్ఛలో భాగం, చట్టం లేకుండా దాన్ని ఆపటానికి వీల్లేదు అని. ఆ తీర్పు వ్రాసినది ఎవరు? మన రాజమండ్రి ఆయన, ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. అయిదుగురిలో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు రెండవవైపు. రెండవవైపు వున్నవారిలో జస్టిస్ హిదాయతుల్లా గారు ఒకరు. చూడండి, మతాన్ని బట్టి మనుషుల న్యాయం లెక్కకట్టేవారికి యీ సంగతి చెప్పాలి.

ఆ మర్నాడే సుబ్బారావు గారు పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. ఆయన మీద నెగ్గినది డాక్టర్ జాకిర్ హుసేన్ గారు. సుబ్బారావు గారి తీర్పు వల్లే కేంద్రం వారు హడావిడిగా పాస్‌పోర్టుల చట్టం చేయవలసి వచ్చింది. 1967 జూన్ 24న ఆ చట్టానికి ఆమోదం ఇచ్చిన రాష్ట్రపతి జాకిర్ హుసేన్ గారే. ఓడినాయన తీర్పు, గెలిచినాయన సంతకం. ఆ చట్టం 11వ సెక్షనులో అప్పీలు వుంది. పాస్‌పోర్టు ఇవ్వనన్నా, ఇచ్చినది స్వాధీనం చేసుకున్నా, ముప్పై రోజుల్లోగా పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వమే స్వయంగా ఇచ్చిన ఆజ్ఞ అయితే ఆ అప్పీలు లేదు, కోర్టుకే పోవాలి. 1977లో మేనకా గాంధీ గారి పాస్‌పోర్టు అలా తీసుకున్నారు, కారణం చెప్పం పొమ్మన్నారు. 1978 జనవరి 25న సుప్రీంకోర్టు, మనిషి మాట వినకుండా అలా చేయటం న్యాయమైన పద్ధతి కాదన్నది. ఈ సభలో పోలీసు విచారణ దగ్గర పాస్‌పోర్టు ఆగిపోయినవారు కనీసం నలుగురు వున్నారని మాకు తెలుసు. వారు ఆ ముప్పై రోజుల మాట గుర్తు పెట్టుకోవాలి.

ఇంకొకటి మన రాష్ట్రపుదే. దేశ విభజన తరువాత పాకిస్తాన్ పోయి, అక్కడి పాస్‌పోర్టు మీద సొంత వూరికి తిరిగి వచ్చిన వాళ్ళ కేసులు ఆ రోజుల్లో చాలా నడిచాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ అబ్దుల్ ఖాదర్ అనే కేసు 1961లో సుప్రీంకోర్టులో తేలింది. ఒక మనిషి భారత పౌరసత్వం పోగొట్టుకున్నాడా లేదా అన్నది తేల్చవలసింది చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం. అది తేలకుండా పోలీసువారు తమంతట తామే విదేశీయుడని ముద్ర వేసి శిక్షకు పంపటం కుదరదు అన్నారు. అంటే, ఎవరు తేల్చాలో వారే తేల్చాలి అన్నమాట. వీసా కేసుల్లో సగం గెలుపు యీ ప్రశ్నలోనే వుంటుంది. నిర్ణయం చేసినవాడికి ఆ అధికారం వున్నదా? చట్టం చెప్పిన పద్ధతిలో చేశాడా?

ఇప్పుడు డాక్టర్ మొహమ్మద్ హనీఫ్ గారి సంగతి. పెద్దలకు జ్ఞాపకం వుంటుంది, పిల్లలకు వుండదు, అప్పటికి చాలామంది పుట్టలేదు. ఆయన మన పక్క రాష్ట్రం కర్నాటక వారు, ఆస్ట్రేలియాలో గోల్డ్‌కోస్ట్ ఆసుపత్రిలో డాక్టరు. 2007 జూన్ 30న బ్రిటన్‌లో గ్లాస్గో విమానాశ్రయం మీద దాడి జరిగింది. దాడి చేసినవారిలో ఒకరి కుటుంబం హనీఫ్ గారికి బంధువులు. ఏడాది క్రితం బ్రిటన్ వదిలి వచ్చేటప్పుడు తన సిమ్ కార్డు వారిలో ఒక తమ్ముడి దగ్గర వదిలి వచ్చారు. మనం ఎంతమందికి అలా ఇచ్చి వుంటాం! జులై 2న, అప్పుడే పుట్టిన బిడ్డను చూడటానికి బెంగుళూరు టికెట్టు కొనుక్కుని బ్రిస్బేన్ విమానాశ్రయంలో వుండగా పట్టుకున్నారు. పన్నెండు రోజులు నేరం మోపకుండానే నిర్బంధంలో వుంచారు. ఆ సిమ్ కార్డు దాడి చేసిన జీపులోనే దొరికిందని కోర్టులో చెప్పారు. తీరా చూస్తే అది దొరికింది అక్కడ కాదు, వందల మైళ్ళ దూరాన లివర్‌పూల్‌లో ఆ బంధువు దగ్గర.

జులై 16న మేజిస్ట్రేటు జామీను ఇచ్చారు. ఇంకా బయటకు రాలేదు, అదే రోజు కొన్ని గంటల్లోనే వలసల మంత్రి కెవిన్ ఆండ్రూస్ ఆయన వీసా రద్దు చేశారు. నడవడిక మంచిది కాదు, నేరస్తులతో సంబంధం వున్నది అని కారణం. వీసా లేదు గనుక జామీను వచ్చినా బయట తిరగరాదు. చూశారా, కోర్టు తలుపు తీస్తే మంత్రి వేరే తలుపు వేశాడు. జులై 27న కేసు నిలవదని ప్రభుత్వం వారే ఎత్తివేశారు. ఆయన ఇంటికి వచ్చేశారు. చాలామంది అయితే అక్కడితో సరే, ప్రాణాలతో వచ్చాం చాలు అనుకునేవారు. ఆయన అనుకోలేదు. బెంగుళూరులో కూర్చుని, తన వకీళ్ళ ద్వారా వీసా రద్దు మీద అక్కడ పోరాడారు. ఆగస్టు 21న ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి స్పెండర్ గారు మంత్రి ఆజ్ఞ కొట్టివేశారు. సంబంధం అంటే నేరంతో ఏదో ఒక పొత్తు, సానుభూతి వుండాలి, ఊరికే చుట్టరికం వుంటే అది నేర సంబంధం కాదు అన్నారు. మంత్రి పై బెంచికి పోయారు. డిసెంబరు 21న అక్కడా ఓడిపోయారు. తరువాత విచారణ కమిషను వేశారు, 2008లో నివేదిక వచ్చింది, ఆయన మీద నేరం మోపి వుండవలసింది కాదని తేలింది. 2010లో ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. ఎంత అన్నది బయటపెట్టలేదు.

ఒక సంగతి గమనించండి. హనీఫ్ గారు ట్రిబ్యునల్‌కు పోలేదు, నేరుగా కోర్టుకు పోయారు. మంత్రి తానే స్వయంగా చేసిన అటువంటి రద్దు ట్రిబ్యునల్ ముందుకు రాదు. ట్రిబ్యునల్ వేరు, కోర్టు వేరు. ట్రిబ్యునల్ అంటే అధికారి కుర్చీలో ఇంకొకరు కూర్చుని మొత్తం కేసు మళ్ళీ మొదటి నుంచి చూడటం. కొత్త కాగితాలు పెట్టుకోవచ్చు, అధికారి చూడనివి చూపించవచ్చు. కోర్టు అలా కాదు. నీకు వీసా రావాలా వద్దా అని కోర్టు చూడదు, నిర్ణయంలో చట్టం తప్పిందా అని మాత్రమే చూస్తుంది. మన వాళ్ళు ట్రిబ్యునల్‌లో పెట్టవలసిన బ్యాంకు కాగితాలు దాచుకుని, కోర్టులో చూపిస్తాం అంటారు. అప్పుడు చూసేవారు వుండరు.

ఆస్ట్రేలియాలో ఆ ట్రిబ్యునల్ పేరు ఇప్పుడు అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్. 2024 అక్టోబరు 14న మొదలైంది. అంతకు ముందు 1976 నుంచి వున్నది అప్పీల్స్ ట్రిబ్యునల్. 1999లో వచ్చిన మైగ్రేషన్ రివ్యూ ట్రిబ్యునల్‌ను 2015లో దాంట్లో కలిపారు. పాత పేర్లు చెప్పే ఏజెంటు కనిపిస్తే అతని పరిజ్ఞానం అంతవరకే ఆగిందని తెలుసుకోండి.

మన దేశంలో వుండి దరఖాస్తు చేసిన విద్యార్థి వీసా కాదంటే మామూలుగా యీ ట్రిబ్యునల్‌కు పోయే వీలు లేదు. కారణం సరిచేసుకుని మళ్ళీ దరఖాస్తు చేసుకోవటమే. ఆ దేశంలో వుండగా కాదన్నా, రద్దు చేసినా పోవచ్చు. గడువు మామూలుగా 28 రోజులు. నడవడిక కారణంగా అధికారి రద్దు చేస్తే 9 రోజులే. నిర్బంధంలో వున్నవారికీ గడువు తక్కువే. ఉత్తరంలో వ్రాసిన గడువే గడువు. వీసా కేసుల్లో ఆలస్యానికి మన్నింపు లేదు. జ్వరం వచ్చిందన్నా, పండుగ అన్నా ట్రిబ్యునల్ వారి చేతిలో పొడిగించే అధికారమే లేదు. ఈమెయిలులో పంపితే పంపిన రోజు ముగిసేసరికి అందినట్లే లెక్క, మీరు తెరిచి చదివినా చదవకపోయినా.

పెడన వైపు నుంచి ఒక తండ్రి పోయిన ఏడాది మా బడికి వచ్చాడు. విరామం వేళ, మాస్టరు సాబ్, యీ ఉత్తరం కాస్త చదివి పెట్టండి అని ఫోను చేతికిచ్చాడు. కొడుకు మెల్బోర్న్‌లో వున్నాడు. ఉత్తరం వచ్చి అప్పటికి పందొమ్మిది రోజులు. అబ్బాయి పదకొండు రోజుల దాకా తెరవనే లేదు, భయం. తరువాత ఇక్కడి కన్సల్టెన్సీ వాడు, పేరు మాకెందుకు, కొత్త దరఖాస్తు వేద్దాం, అప్పీలు దండగ అన్నాడట. అది అబద్ధమని మేము అనలేదు, ముందు ఉత్తరం చదివాము. అందులో కారణం స్పష్టంగా వుంది: మొదట చేరిన ఎమ్మెస్ వదిలి తక్కువ స్థాయి కోర్సులో ఎందుకు చేరాడో నమ్మదగిన సంజాయిషీ లేదు. ఇంకొకటీ వుంది. అక్కడ వుండగా ఒకసారి వీసా కాదన్నాక, ఆ దేశంలో వుండే మళ్ళీ వేసుకోగల వీసాలు చాలా కొద్ది. ఆ కన్సల్టెన్సీ వాడు యీ మాట చెప్పలేదు. మిగిలిన తొమ్మిది రోజుల్లో అక్కడే రిజిస్టరు అయిన ఒక మైగ్రేషన్ ఏజెంటును వెతికి అబ్బాయి అర్జీ వేశాడు. కేసు ఇంకా తేలలేదు. వరుస పొడుగ్గా వుంది. అంతదాకా మధ్యంతర వీసా మీద చదువుకుంటున్నాడు.

ఆ చదువు మానకూడదు. ఇది చాలామందికి తెలియదు. విద్యార్థి వీసా కేసులో ట్రిబ్యునల్ నిర్ణయం చెప్పే రోజున కూడా కోర్సులో చేరి వుండాలి, నమోదు కాగితం చేతిలో వుండాలి. ఎలాగూ కేసు నడుస్తోంది కదా అని కాలేజీ మానేసి, పగలూ రాత్రీ డెలివరీ పనిలో పడినవాడు, ఎంత మంచి సంజాయిషీ వున్నా ఆ ఒక్క కాగితం లేక ఓడిపోతాడు.

ఖర్చు కూడా చెప్పాలి. అర్జీ రుసుమే 2024లో సుమారు 3,500 ఆస్ట్రేలియా డాలర్లు వుండేది, అప్పటి మన లెక్కన రెండు లక్షల చుట్టుపక్కల. గెలిస్తే సగం వాపసు. నిజంగా కటిక ఇబ్బందిలో వుంటే సగం తగ్గించమని అడగవచ్చు, దానికి రుజువులు కావాలి. వకీలు లేకుండా కూడా పోవచ్చు. దుబాసీని ట్రిబ్యునల్ వారే ఉచితంగా ఇస్తారు. అబ్బాయికి ఇంగ్లీషు వచ్చు గదా అని దుబాసీ వద్దంటారు మనవాళ్ళు. ఇంగ్లీషు చదువుకే వెళ్ళిన కుర్రవాడికి అది నామోషీ అనిపించవచ్చు గాని, సాక్షిగా తండ్రి ఫోనులో మాట్లాడవలసి వస్తే తెలుగులోనో ఉర్దూలోనో మాట్లాడనివ్వండి. తడబాటును అబద్ధం అనుకునే ప్రమాదం వుంది.

విచారణలో ఏమడుగుతారు? ఈ కోర్సే ఎందుకు, ఇది చదివి ఏమి చేస్తావు, ఇక్కడ డబ్బు ఎవరు కడుతున్నారు, హాజరు ఎందుకు తగ్గింది. జవాబులకు అలంకారాలు అక్కర లేదు. అమ్మీకి ఆపరేషను అయింది, ఒక టర్ము పరీక్షలు పోయాయి అంటే, ఆసుపత్రి కాగితం చూపించాలి. బ్యాంకులో హఠాత్తుగా పదిహేను లక్షలు పడితే అవి పొలం అమ్మితే వచ్చినవా, మామూ ఇచ్చినవా, ఆ కాగితం వుండాలి. ఇక దొంగ కాగితం మాట. ఏజెంటు పెట్టిన దొంగ బ్యాంకు కాగితానికి మేము బాధ్యులం కాదు అంటే అక్కడ చెల్లటం బహు కష్టం. దొంగ పత్రం అని తేలితే మూడేళ్ళు, మనిషి ఎవరన్న దానిమీదే అబద్ధమాడితే పదేళ్ళు వీసా రాకుండా పోవచ్చు. మీ పేరు మీద పోయే దరఖాస్తు ప్రతి పేజీ మీరు చూడకుండా పంపనివ్వకండి.

ట్రిబ్యునల్‌లో ఓడితే కోర్టు వుంది, దానికి 35 రోజులు. ముందే చెప్పాము, అక్కడ చట్టం తప్పిందా అన్నదొక్కటే.

అమెరికా సంగతి వేరు. హైదరాబాదు కాన్సులేటులో కిటికీ దగ్గర వీసా కాదంటే దాని మీద అప్పీలు లేదు. అది వారి పాత సూత్రం, 2024లో వారి సుప్రీంకోర్టు కూడా మళ్ళీ అదే ఖాయపరచింది. 214-బి అని చీటీ ఇస్తే, పరిస్థితి మారినప్పుడు మళ్ళీ దరఖాస్తు చేసుకోవటమే. 221-జి అంటే మాత్రం చాలాసార్లు ఇంకా కాగితాలో పరిశీలనో మిగిలి వుందని అర్థం, కంగారు పడి కొత్త దరఖాస్తు వేయకండి. వీసా ఇప్పిస్తాం, లోపల మనిషి వున్నాడు అనేవాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. లోపల వాడి మనిషి ఎవరూ వుండరు.

అయితే ఆ దేశంలోకి పోయాక మన పిల్లలకు జరిగినవి మరువరానివి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ అనే విశ్వవిద్యాలయం మోసమని మూసేశారు, మన రాష్ట్రపు పిల్లలు వందల్లో దాంట్లో వున్నారు. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు వేశారు. పశువులకు వేసినట్లు. 2019 జనవరిలో మిచిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం బయటపడింది. అది అక్కడి అధికారులే వలగా పెట్టిన ఉత్తుత్తి బడి. పాఠాలు లేవు, మాస్టర్లు లేరు. సుమారు 600 మంది చేరారు, ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. చాలామంది నిర్బంధంలో పడ్డారు, తిరిగి పంపబడ్డారు. క్లాసులు లేని కాలేజీ అని తెలిసీ చేరినవారిని మేము సమర్థించము. కాని ఫీజు తీసుకున్నది మాత్రం సర్కారు వారే గదా! ఆ ఫీజు కోసం ఒక విద్యార్థి దావా వేస్తే, కింది కోర్టు వినను పొమ్మన్నది. 2024లో పై కోర్టు, కాదు వినవలసిందే అన్నది. 2025 ఏప్రిల్‌లో అమెరికా వారు వేలమంది విదేశీ విద్యార్థుల నమోదులు ఉన్నట్టుండి రద్దు చేశారు, పాత చిన్న పోలీసు కేసులు కూడా కారణమే. పిల్లలు దేశమంతటా కోర్టులకెక్కారు. నెల తిరగకుండానే ప్రభుత్వం వారు నమోదులు తిరిగి ఇస్తామని కోర్టులో చెప్పారు. భయపడి ముందే విమానం ఎక్కి వచ్చేసినవారి బాధ ఎవరికి చెప్పుకోవాలి?

బ్రిటన్‌లో చదువు, ఉద్యోగ వీసాలకు ఇప్పుడు ట్రిబ్యునల్ అప్పీలు లేదు, నిర్ణయంలో పొరపాటు చూడమని వారి ఆఫీసునే అడగటం వుంది. బయటి నుంచి అయితే 28 రోజులు, ఆ దేశంలో వుంటే 14 రోజులు. భార్యాభర్తల వీసాల వంటివాటికి మాత్రం ట్రిబ్యునల్ వుంది. గల్ఫ్ దేశాల్లో యీ తరహా ట్రిబ్యునళ్ళు మామూలు కార్మికుడికి అందుబాటులో లేవు. యజమాని పారిపోయాడని హురూబ్ వ్రాయించితే కార్మిక కార్యాలయం, మన రాయబార కార్యాలయం, యీ రెండే దిక్కు. పోయేముందే రిజిస్టరు అయిన ఏజెంటా కాదా అని చూసుకోవాలి. 1983 వలసల చట్టం అందుకే వచ్చింది.

మేము వకీళ్ళం కాము, చాక్‌పీసు పట్టుకునేవాళ్ళం. ఉత్తరం చదవగలం, తారీఖులు లెక్కకట్టగలం, ఎవరి దగ్గరకు పోవాలో చెప్పగలం, అంతే. కార్యవర్గం వారు ఒప్పుకున్నారు గనుక ఆదివారం జొహర్ తరువాత సంఘం గదిలో కూర్చుంటాము. వచ్చేవారు వచ్చిన ఉత్తరం పూర్తిగా అచ్చు తీయించుకు రండి, మొదటి పేజీ ఫోటో ఒక్కటి చాలదు. పాస్‌పోర్టు నకలు, వేసిన దరఖాస్తు నకలు కూడా తేవాలి. ఏజెంటు దరఖాస్తు నకలు ఇవ్వనంటే ఆ మాట కూడా చెప్పండి. ఆడపిల్లల కేసులైతే తల్లులు నిస్సంకోచంగా రావచ్చు, మా ఇంటివారు కూడా అక్కడే వుంటారు. ఫీజు ఏమీ లేదు. టీ మాత్రం వచ్చినవారే తెప్పించాలి.